పర్లాకిమిడి ల్యాబులో బుధవారం: ఒక స్వయం కోర్సు కేస్ స్టడీ

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇల్లు సరిహద్దుకు ఇవతల, ఆంధ్రాలోని పాతపట్నంలో. పొద్దున్నే బస్సెక్కితే కాసేపటికే బోర్డుల మీద తెలుగు పోయి ఒడియా వచ్చేస్తుంది, మనుషుల మాట మాత్రం మారదు. పర్లాకిమిడి బజారులో కూరగాయల దగ్గర నుంచి కొమ్ము బొమ్మల దాకా తెలుగులో బేరమాడుకోవచ్చు. పాఠాలతో పాటు నాలుగేళ్లుగా కాలేజీకి స్వయం (కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) మెంటర్‌గా కూడా ఉన్నాను. పిల్లల చేత ఆన్‌లైన్ కోర్సులు చదివించి పరీక్ష దాకా తీసుకెళ్లడం, వచ్చిన క్రెడిట్లు, అంటే కోర్సు పూర్తిచేస్తే డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు, డిగ్రీలో కలిసేలా చూడడం ఆ పని.

ఇక్కడ రెండు బ్యాచ్‌ల గురించి రాస్తున్నాను. ఒకటి పూర్తిగా దెబ్బతింది. రెండోది నిలబడింది. రెండింటికీ కోర్సు ఒకటే, వీడియోలు అవే, పాఠం చెప్పిన ప్రొఫెసర్ కూడా ఆయనే. మారినవన్నీ మా వైపువే. మాలాంటి కాలేజీల్లో ఈ బాధ్యత కొత్తగా మీద పడినవాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

స్వయం వేదిక 2017 జూలై 9న మొదలైంది. అంతకు ఏడాది ముందే, 2016లో, విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ దీనికోసం నిబంధనలు తెచ్చింది. అప్పట్లో ఒక సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం వరకు స్వయంలో చదవొచ్చన్నారు, 2021లో దాన్ని 40 శాతానికి పెంచారు. మా పిల్లలు ఎక్కువగా తీసుకునేవి ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు. చదవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్ష ఫీజు కట్టాలి. మేం కట్టిన విడతల్లో అది కోర్సుకు 1,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు సగం.

మార్కుల లెక్క పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. 12 వారాల కోర్సులో వారానికో అసైన్‌మెంట్ ఉంటుంది. బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటు తీసి 25 మార్కులకు లెక్కేస్తారు. మిగతా 75 మార్కులు పరీక్షా కేంద్రానికి వెళ్లి, మనుషుల ఎదుట కూర్చుని రాసే పరీక్షకు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 ఉండాలి. ఒకదాంట్లో తగ్గినవి ఇంకోదాంతో పూడవు. ఇంట్లో ఫోన్‌లో చదివే కోర్సు కదా అనుకునే పిల్లలు ఇక్కడే దెబ్బ తింటారు.

మొదటి బ్యాచ్

ఒక మధ్యాహ్నం సర్క్యులర్ వచ్చింది. రెండో సంవత్సరం కామర్స్ పిల్లలందరూ స్వయంలో ఒక కోర్సు తీసుకోవాలి. అందరినీ ల్యాబుకు తీసుకెళ్లి ఈమెయిల్ ఐడీలు తయారుచేసి ఫైనాన్షియల్ అకౌంటింగ్ కోర్సులో చేర్పించాం. సాయంత్రానికి ఎంతమంది చేరారో లెక్క పైకి వెళ్లిపోయింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, దాచుకోను.

మూడో వారానికి అసైన్‌మెంట్ పెట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఆఖరికి పరీక్ష రాసింది ఇద్దరు. ఇద్దరూ బరంపురంలో ఇంగ్లీష్ మీడియంలో చదివి వచ్చినవాళ్లే.

స్టాఫ్ రూములో వినిపించిన కారణాలు మామూలువే. నెట్ లేదు, ఫోన్ లేదు, పిల్లలకు శ్రద్ధ లేదు. నెట్ కష్టం అబద్ధం కాదు. ఇక్కడ అక్టోబరు అంటే తుఫాను నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఎలా ఊపేసిందో మాకు తెలుసు. కానీ ఆ ఏడాది తుఫానేమీ రాలేదు. తరగతిలో చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి. అందుకే ఆ జవాబులతో నాకు సమాధానం దొరకలేదు. మానేసిన పిల్లలను ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను.

అందులో ఒక అమ్మాయి ఇంటికి వెళ్లాను. తరగతిలో ముందు బెంచీ పిల్ల, లెక్కలు చురుగ్గా చేస్తుంది. ఆ పిల్ల ఎందుకు మానేసిందో నాకు అంతుపట్టలేదు. నాన్న చిన్న కిరాణా కొట్టు నడుపుతాడు. అమ్మ జీడిపప్పు గ్రేడింగ్‌కు వెళ్తుంది.

"మా గుంట రాతిరంతా ఫోను చూస్తంది మేడమ్. పాఠమని చెప్తంది. నాకేటి తెలుస్తాది?" అంది వాళ్లమ్మ.

ఆ అమ్మాయి లోపలికి వెళ్లి నోట్‌బుక్ తెచ్చింది. నాలుగు పేజీలు నిండా రాసి ఉంది. అంతా ఒడియా అక్షరాలు. నాకు ఒడియా చదవడం వచ్చు కాబట్టి ఒక లైను పైకి చదివాను. అది ఒడియా కాదు, ఇంగ్లీష్. ప్రొఫెసర్ నోట వచ్చిన ఇంగ్లీష్ మాటల్ని వీడియో ఆపి ఆపి, చెవికి వినపడినట్టు ఒడియా లిపిలో రాసుకుంది. 'ఇన్వెంటరీ' అని ఉంది, 'వాల్యుయేషన్' అని ఉంది. ఎక్కడా అర్థం రాసి లేదు. ఇరవై ఐదు నిమిషాల వీడియోకు రెండు రాత్రులు పట్టిందట.

"అర్థమయ్యిందా అమ్మా?" అని అడిగాను.

"మళ్లీ చదివితే అర్థమవుతుందనుకున్నాను మేడమ్" అంది.

శ్రద్ధ లేదన్నవాళ్లందరికీ ఆ నాలుగు పేజీలు చూపించాలనిపించింది.

మూడు భాషలు

సరిహద్దు పిల్లల పరిస్థితి బయటివాళ్లకు చెప్పకపోతే తెలియదు. ఇంట్లో తెలుగు. బడిలో పన్నెండేళ్లు ఒడియా. డిగ్రీకి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీష్. తరగతి గదిలో ఆ మూడింటినీ కలిపి మేం ఎలాగో నెట్టుకొస్తాం. ఇంగ్లీష్‌లో మొదలుపెట్టి, ముఖాలు చూసి, ఒడియాలోకీ తెలుగులోకీ దిగుతాం. ముఖం చూసి భాష మార్చడం వీడియోకు కుదరదు.

నాకు మొదట తట్టింది తెలుగు పుస్తకాలు తెప్పించడం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. మా అక్క పెళ్లయ్యాక డిగ్రీ చదివింది అక్కడే. ఆ తెలుగు పాఠ్యపుస్తకాలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) అన్నీ చక్కటి తెలుగులో. అవి తరగతికి తీసుకెళ్లాను.

సగం మంది చదవలేకపోయారు. తెలుగు గలగలా మాట్లాడే పిల్లలే, కానీ లిపి నేర్చుకునే అవకాశం రాలేదు. చిట్టా, ఆవర్జా అన్న మాటలు వాళ్లెప్పుడూ వినలేదు. వాళ్లకు తెలిసింది కొట్లో పద్దు పుస్తకం, అప్పు, జమ, బాకీ. వాళ్ల తెలుగు చెవిలో ఉంది, నోట్లో ఉంది. కాగితం మీద లేదు.

ఇదే ఊళ్లో నూరేళ్ల పైమాట, గిడుగు రామమూర్తి పంతులు గారు టీచరుగా ఉంటూ ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల మాట నేర్చుకుని, ఆ మాటలోనే వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. పిల్లవాడి నోటి మాటతోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన పట్టు. ఆగస్టు 29న మేం పూలదండ వేసే పెద్దాయన చేసిన పని అది. మన ఆన్‌లైన్ కోర్సుకూ అదే కావాలని అర్థం చేసుకోవడానికి నాకు ఒక బ్యాచ్ మొత్తం నష్టపోవలసి వచ్చింది.

రెండో బ్యాచ్: ఏం మార్చాం

ముందుగా, అందరినీ చేర్పించడం మానేశాం. ఒకే కోర్సు ఎంచుకున్నాం, అది కూడా నేను ముందు వేసవిలో మొత్తం చూసినదే. మెంటర్ చూడని కోర్సును పిల్లలకు అంటగట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఇష్టపడి వచ్చినవాళ్లు పదిహేను మంది దాకా తేలారు.

రెండోది గది, వేళ. ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్ల గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59. అందుకని సోమ, బుధవారాలు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కంప్యూటర్ ల్యాబు మాది అని టైమ్ టేబుల్‌లో వేయించాం. వీడియోలు సోమవారం ఉదయమే డౌన్‌లోడ్ చేసి అన్ని సిస్టమ్‌లలో పెట్టేవాళ్లం. నెట్ పోయినా పాఠం ఆగేది కాదు. దీనికి కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పారు. ఆన్‌లైన్ కోర్సుకు తరగతి గది ఎందుకు, ఇంట్లో చూసుకోవాలి కదా అని. నేను నిబంధన తీసి చూపించాను. స్వయం కోర్సు తీసుకున్న విద్యార్థికి దారి చూపే ఉపాధ్యాయుడినీ, కంప్యూటర్, లైబ్రరీ వసతులనూ సొంత కాలేజీయే ఇవ్వాలని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. మేం కొత్తగా చేసిందేమీ లేదు. రాసి ఉన్నదాన్ని చేశాం. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు కూడా పుస్తకాలు పోస్టులో పంపి ఊరుకోలేదు, అధ్యయన కేంద్రాలు పెట్టాయి. మా అక్క ఆదివారం కాంటాక్టు క్లాసులకు చంటిపిల్లాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి వెళ్లేది. ఆ క్లాసులు లేకపోతే డిగ్రీ పూర్తయ్యేది కాదని ఇప్పటికీ అంటుంది.

మూడోది మాట. ప్రతి వీడియోకు ముందు ఏడెనిమిది నిమిషాలు తెలుగులో, ఒడియాలో నేను విషయం చెప్పేదాన్ని. ఆ తర్వాత వీడియో. కీలకమైన ఇంగ్లీష్ మాటలు బోర్డు మీద రాసి, పక్కన అర్థం ఒడియా లిపిలో. ఒక రోజు జరిగింది చెబితే ఇది ఎలా పనిచేసిందో తెలుస్తుంది.

ఆ వారం పాఠం సరుకు నిల్వ విలువ కట్టడం. మా వైపు జీడి పిక్కల వ్యాపారం అందరికీ తెలుసు. పిక్కల బస్తా అంటే 80 కిలోలు. బోర్డు మీద రెండు కుప్పలు గీశాను. మొదట 10 బస్తాలు, బస్తా 10,000 రూపాయలకు కొన్నాం. తర్వాత 10 బస్తాలు 12,000కు కొన్నాం. 12 బస్తాలు అమ్మేశాం. మిగిలిన 8 బస్తాల విలువెంత?

"ముందు కొన్నది ముందు అమ్ముతాం మేడమ్, లేకపోతే పుచ్చిపోతాయి" అన్నాడు వెనక నుంచి ఒక అబ్బాయి. ఆ పద్ధతిలో లెక్కేశారు. మిగిలిన 8 బస్తాలూ రెండో కుప్పవే కాబట్టి 96,000. ఇప్పుడు రెండు కుప్పలూ కలిపేసి సగటు ధర కడితే? బస్తా 11,000, నిల్వ 88,000.

ముందు చెప్పిన అమ్మాయి ఈసారి కూడా చేరింది. లేచి నిలబడి, "మరి ఆ ఎనిమిది వేలు ఎక్కడికి పోయాయి మేడమ్? బస్తాలు అవే, డబ్బు అదే" అంది.

నేను జవాబు చెప్పలేదు. వాళ్లే పది నిమిషాలు వాదించుకున్నారు. ఎవరూ దొంగిలించలేదు, నిల్వ విలువ తగ్గితే అమ్మిన సరుకు ఖర్చు 1,24,000 నుంచి 1,32,000కు పెరుగుతుంది, లాభం ఆ మేరకు తగ్గినట్టు కనబడుతుంది అని చివరికి ఆ అమ్మాయే తేల్చింది. అప్పుడు వీడియో పెట్టాం. ప్రొఫెసర్ ఇంగ్లీష్‌లో అదే మాట చెబుతుంటే ల్యాబులో తలలు ఊగాయి. భాష పూర్తిగా అందకపోయినా, ఆయన ఏం చెప్పబోతున్నాడో వాళ్లకు ముందే తెలుసు.

ఈ తెలుగు వివరణల్ని ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఇక్కడ లైసెన్సు సంగతి చెప్పాలి. చాలామంది టీచర్లు 'ఉచితం' అన్నదాన్నీ 'ఓపెన్' అన్నదాన్నీ ఒకటే అనుకుంటారు. ఉచితంగా చూడొచ్చు అన్నంత మాత్రాన కత్తిరించి, మార్చి, అనువదించి పంచుకోవచ్చని కాదు. ఆ అనుమతి లైసెన్సులో ఉండాలి. సంబల్‌పూర్‌లోని ఒడిశా రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠ్యపుస్తకాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేసింది. మూలం పేరు చెప్పి, షరతులు పాటిస్తే మన పిల్లలకు తగ్గట్టు మలచుకోవచ్చు. మా ఆడియోలకు ఆధారం ఆ తరహా పాఠాలే. మూలం ఏదో ప్రతి రికార్డింగ్ మొదట్లో చెబుతాం. విశ్వవిద్యాలయాలు తమ పాఠాలను ఇలా తెరిచి పెడితేనే మాలాంటి చోట ఆ పాఠం పిల్లల మాటలోకి వస్తుంది. దీన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

పేర్లు, ఫీజు, ప్రయాణం

పాఠం దారిలో పడ్డాక కాగితాల టెన్షన్ మొదలైంది. ఒక పిల్ల పేరు లక్ష్మి అనుకోండి. ఆధార్‌లో ఒడియా వాడుక ప్రకారం ఎక్స్ అక్షరంతో ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో కే, ఎస్, హెచ్‌లతో. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలే ఉండదు. తెలుగువాళ్ల ఇంటిపేరు ఇక్కడి గుమస్తాలకు కొత్త కాదు, కానీ ఫారంలో దానికి చోటు ఉండదు. పరీక్ష హాల్ టికెట్టు, గుర్తింపు కార్డు, క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా ఈ మూడింట్లో పేరు కలవకపోతే తర్వాత ఎన్ని తిప్పలు ఉంటాయో మొదటి బ్యాచ్ ఇద్దరితో తెలిసింది. ఈసారి రెండో వారంలోనే అందరి కాగితాలూ బల్ల మీద పరిచి పేర్లు సరిచూశాం. తేడా ఉన్నవాళ్లను ముందే ఆధార్ కేంద్రానికి పంపాం. సగం ఫీజుకు కుల ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. అదీ అప్పుడే తెప్పించాం.

పరీక్షా కేంద్రం ఇంకో గండం. ఆ విడతలో మాకు వీలైనది బరంపురం. ఆడపిల్లల్ని ఒంటరిగా పంపడానికి ఇళ్లల్లో ఒప్పుకోలేదు. పరీక్ష పొద్దున 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5, రెండు పూటల్లో ఉంటుంది. అందరి చేతా మధ్యాహ్నం పూటే ఎంచుకునేలా చేసి ఒకే బండి మాట్లాడుకున్నాం. ఇద్దరు తల్లులు కూడా వచ్చారు. మధ్యాహ్నం పూట ఎంచుకోవడం చిన్న విషయంలా ఉంటుంది కానీ, పొద్దున పూట పడి ఉంటే రాత్రి బస చూసుకోవలసి వచ్చేది, కనీసం నలుగురు పరీక్ష వదులుకునేవాళ్లు.

కాపీ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ప్రతి వారం అసైన్‌మెంట్ జవాబులు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో తిరుగుతాయి. పిల్లలకు తెలుసు, నాకూ తెలుసు. నేను నిషేధం పెట్టలేదు. మూడో వారంలో ఒకసారి కేంద్రంలో లాగే ఫోన్లు బయట పెట్టించి పరీక్ష పెట్టాను. అసైన్‌మెంట్లలో నూటికి నూరు తెచ్చుకున్న కొందరికి ఆ రోజు సున్నాకు దగ్గరగా వచ్చాయి. 75 మార్కులు ఎక్కడున్నాయో అప్పుడు అర్థమైంది.

ఫలితం, తర్వాత

బండిలో వెళ్లినవాళ్లలో ముగ్గురు తప్ప అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ అమ్మాయికి అసైన్‌మెంట్లలో 25కు 21, పరీక్షలో 75కు 37. మొత్తం 58. తప్పిన ముగ్గురిలో ఇద్దరు కొండ గ్రామాల నుంచి వచ్చిన సవర పిల్లలు. నేను తెలుగులో, ఒడియాలో చెప్పిన మాటలు వాళ్లకు రెండూ పరాయివే. ఆ సంగతి నాకు ఫలితం వచ్చాకే తట్టింది. ఈ బ్యాచ్‌లో నా తప్పు అదే, పెద్దదే.

క్రెడిట్ల కథ ఇంకా నలిగింది. సర్టిఫికెట్ వచ్చింది, 3 క్రెడిట్లు ఖాతాలో పడ్డాయి, మార్కుల జాబితాలో మాత్రం ఎక్కలేదు. సంబంధిత కార్యాలయంలో అడిగితే ఏ కాలమ్‌లో వేయాలో తెలియదన్నారు. ఒకసారి ఫైలు దొరకలేదు. ఒకసారి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టమన్నారు. స్వయంలో సంపాదించిన క్రెడిట్లను ఏ విశ్వవిద్యాలయమూ నిరాకరించరాదని 2016 నిబంధనల్లోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి, గీత గీసి, దరఖాస్తుకు జత చేశాం. తర్వాతి సెమిస్టర్ మార్కుల జాబితాలో గానీ అవి కనిపించలేదు. ఆ మధ్యలో, ఎందుకైనా మంచిదని పిల్లలు కాలేజీ పేపరు కూడా చదివి రాశారు. ఒకే సబ్జెక్టు రెండుసార్లు. ఆన్‌లైన్ చదువు భారం తగ్గిస్తుందని మేం చెప్పిన మాట ఆ ఆరు నెలలూ అబద్ధమైంది. అందుకు నేను పిల్లలకు క్షమాపణ చెప్పాను.

ఇప్పుడైతే కోర్సు మొదలవకముందే అకడమిక్ కౌన్సిల్ ఆమోదం, సమాన క్రెడిట్ల పత్రం చేతిలోకి వచ్చేదాకా ఒక్క పిల్లనూ చేర్పించను. మీరూ చేర్పించకండి.

మూడో బ్యాచ్ ఈ జూలైలో మొదలైంది. ఆ అమ్మాయి చివరి సంవత్సరంలో ఉంది, బుధవారాలు తనే వచ్చి కొత్తవాళ్లకు బస్తాల లెక్క చెబుతుంది. పోయినసారి తప్పిన సవర అబ్బాయిల్లో ఒకడు మళ్లీ చేరాడు. మొన్న బుధవారం ఐదు దాటాక ల్యాబు తాళం వేద్దామని వెళ్లాను. అతను వెనక బెంచీ దగ్గర నేల మీద సుద్దముక్కతో రెండు కుప్పలు గీసి, తనలాంటి ముగ్గురికి సవరలో ఏదో చెబుతున్నాడు. నాకు అందులో ఒక్క 'బస్తా' తప్ప ఏమీ తెలియలేదు. ఒక పిల్ల గట్టిగా ఏదో అడిగింది. అతను నవ్వి, చివరి కుప్ప పక్కన 8,000 అని రాశాడు.

నేను తాళం పక్కన పెట్టి, ఫోన్ తీసి, ఈసారి సవరలో రికార్డు చేసి పెడతావా అని అతన్ని అడిగాను. బుధవారం దాకా టైమివ్వండి మేడమ్ అన్నాడు.